అవ్యక్తము, చరరాశి, పలక

మన పాఠశాలల గణితవాచకములలో ఆరవ తరగతి బాలునకు బీజగణితము ఎదురగునది 'చరరాశి' యను మాటతోనే. అగ్గిపుల్లలతో ఒక ఆకారమును చేయుటకు రెండు పుల్లలు, రెండాకారములకు నాలుగు, మూడింటికి ఆరు కావలెను. ఆకారముల సంఖ్య 'న' అయినచో పుల్లల సంఖ్య 2న అని పాఠము సాగును. కొన్ని పుటలు దాటిన పిమ్మట 'న + 5 = 12 అయినచో న విలువ యెంత?' అను ప్రశ్న వచ్చును. మొదటి 'న' ఎంతయైనను కావచ్చును. రెండవ 'న' ఏడు తప్ప మరొకటి కానేరదు. అయినను రెండింటికిని మనము పెట్టిన పేరొక్కటే. చరించుట యనగా కదలుట, మారుట. రెండవ 'న' ఎక్కడ చరించినది? ఈ ప్రశ్న వేసిన బాలుని మందబుద్ధి యనరాదు. తరగతిలో మాటను మాటగా చదివినవాడు వాడొక్కడే.

ఈ చిక్కు మునుపు గణితోపాధ్యాయుల గదిలోనే యుండెడిది. కంప్యూటరు పాఠము బడిలోనికి వచ్చినప్పటి నుండి దానికి మూడవ చిక్కు తోడైనది. ప్రోగ్రాము వ్రాయువాడు 'క = క + 1' అని వ్రాయును. బీజగణితము నేర్చిన పిల్లవాని కది అసత్యవాక్యము; ఏ సంఖ్యయు తనకంటె ఒకటి ఎక్కువ కానేరదు గదా. కాని ఆ వాక్యము లేక ప్రోగ్రాము సాగదు. దానిలోని 'క' ను సైతము మనము చరరాశి యనియే పిలుచుచున్నాము. ఒక్క మాట మూడు పనులు చేయుచున్నపుడు ఆ మాట చరిత్రను విచారించుట తెలుగుశాఖల పని కాకపోదని మేము తలంచితిమి. విచారణకు నూజివీడును నెలవుగా గ్రహించుటకు కారణము కలదు.

నూజివీడు రసములకును బంగినపల్లికిని పేరుపడిన మామిడిసీమ. చిరకాలము కృష్ణా జిల్లాలో నుండి 2022లో ఏలూరు జిల్లాలో చేరినది. ఈ తోటల నడుమ 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము వెలసినది. ఆ సంవత్సరపు శాసనముచే ఏర్పడిన మూడు ప్రాంగణములలో ఇది యొకటి. తక్కినవి ఇడుపులపాయ, బాసర. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను గ్రహించి ఆరేండ్లు చదివించుట, మొదటి రెండేండ్లు ఇంటర్మీడియటుతో సమానమైన చదువు చెప్పుట, ప్రతి విద్యార్థి చేతికిని ఒక లాప్‌టాపు నిచ్చుట అచటి ప్రణాళిక. వచ్చువారు పదునైదు పదునారేండ్ల పిల్లలు. వారిలో పెక్కుమంది పరిషత్పాఠశాలలలో చదివినవారు. తొలి యేండ్లలో అనేకులు తెలుగు మాధ్యమమువారు. పల్లెబడిలో 'చరరాశి' నేర్చి వచ్చి, అచట ఇంగ్లీషులో దానినే మరొక రూపమున చూచిన పిల్లల కీ మూడర్థముల వ్యత్యాసమును ఎవరైన విప్పి చెప్పిరా లేదా యనుటపై వారి తొలి సంవత్సరపు చదువు కొంతవరకైన ఆధారపడియుండును.

మన ప్రాచీనులు ఈ యర్థములను కలిపివేయలేదు. 499 ప్రాంతమున ఆర్యభటుడు తెలియని విలువకు 'గుళిక' యను మాటను వాడెను. గుళిక యనగా చిన్న ఉండ, పూస. బఖ్షాలీ వ్రాతప్రతిలో తెలియని రాశి యుండవలసిన చోట ఒక చుక్క కానవచ్చును; ఆ చోటు ఖాళీగా నున్నదని దాని భావము. బ్రహ్మగుప్తుడు 628లో 'అవ్యక్త' మనియు, పెక్కు అవ్యక్తములు వచ్చినపుడు 'వర్ణము' లనియు వ్యవహరించెను. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దిలో తన బీజగణితమున యావత్తావత్తు, కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని రంగుల వరుస పెట్టి, వాని మొదటి అక్షరములతో లెక్క నడపెను. 'యావత్తావత్తు' అనగా తెలుగున 'ఎంతయో అంత'. ఇంత చక్కని మాట మన వాచకములలో నిలువలేదు.

ఈ పేళ్ళన్నియు చెప్పునది ఒక్కటే. రాశి యున్నది, దాని విలువ నిశ్చితమైనది, మనకింకను వ్యక్తము కాలేదు. పూస గుప్పిటలో నున్నది, గుప్పిట తెరువలేదు. ఇందు చరించునది ఏదియు లేదు. కావున సమీకరణములోని తెలియని విలువకు 'అవ్యక్తము' అనుటే సరియైన మాట. 'చరరాశి' దాని చోటును ఆక్రమించినది.

అవ్యక్తమును ఎత్తకుండనే లెక్క చేయు మార్గమును మనవారికి కలదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహములో ఒక మామిడిపండ్ల లెక్క యున్నది. నూజివీటిని గూర్చి వ్రాయుచున్న మాకది మిక్కిలి అనుకూలమైనది. ఒక పండ్లరాశిలో ఆరవవంతు రాజు తీసికొనెను. మిగిలినదానిలో అయిదవవంతు రాణి తీసికొనెను. అట్లే మిగిలినదానిలో నాలుగవవంతు, మూడవవంతు, సగము వరుసగా ముగ్గురు రాకుమారులు తీసికొనిరి. చివరకు మిగిలిన మూడు పండ్లు పసివాని పాలైనవి. రాశి యెంత?

ఇట్టివానికి మనవారి సులభమార్గము 'ఇష్టకర్మ'. నీ యిష్టము వచ్చిన సంఖ్యను రాశిగా భావించి, లెక్కలో చెప్పినట్లు చేసి, వచ్చిన ఫలమును చెప్పిన ఫలముతో పోల్చుము. 60 అనుకొందము. రాజు 10 తీసికొనగా 50. రాణి 10 తీసికొనగా 40. తరువాత 30, 20, 10. మిగిలినవి పది. మిగులవలసినవి మూడు. కావున 60ని మూడు చేత గుణించి పదిచేత భాగించిన 18 వచ్చును. రాశి పదునెనిమిది పండ్లు.

ఈ లెక్కలో ఇంకొక చమత్కారము కలదు. 60 పండ్లయినచో ప్రతివానికిని పదియే వచ్చినవి. 18 అయినచో ప్రతివానికిని మూడే. ఆరవవంతు, అయిదవవంతు, సగము అని భాగములు వేరువేరుగా వినబడుచున్నవి గాని రాజునకును పసివానికిని దక్కినది సమానమే. ముందుగా చేయి చాచినందున రాజునకు ఒక్క పండైనను ఎక్కువ రాలేదు. ఒక్క జవాబును మాత్రము రాబట్టి పుస్తకము మూసినవాడు దీనిని చూడడు. రాశిని మార్చి మార్చి చూచినవానికి, 60తో, 18తో, 120తో పంపకము నడపినవానికి, ఇది కనబడును. అవ్యక్తమును వెదకుటకును రాశిని చరింపజేయుటకును గల భేద మిదియే. ఇష్టకర్మలోని 'ఇష్టము' నిజముగా చరించునది. మన గణితసంప్రదాయమున చరరాశికి పూర్వరూపమును వెదకవలసివచ్చిన, అవ్యక్తములో కాక ఈ 'ఇష్టము'లో వెదకవలెనని మా అభిప్రాయము.

ఇక మూడవది, ప్రోగ్రాములోని 'క'. దీని పూర్వరూపము భావనలో లేదు, పనిముట్టులో నున్నది. గణితమునకు మన పూర్వులు పాటీగణితమనియు ధూళికర్మమనియు పేళ్ళు పెట్టిరి. పాటి యనగా పలక; దానిపై ధూళి పరచి అంకెలు వ్రాయుచు, లెక్క సాగినకొలది చెరిపి, చెరిపినచోటనే కొత్త యంకెను వ్రాసెడివారు. 50 అని యున్నచోట పది తీసివేయగా, 50ని చెరిపి 40 అని వ్రాయుదురు. చోటు అదే, దాని పేరును అదే, 'మిగిలినది', అందలి సంఖ్య మాత్రము వేరు. 'మిగిలినది = మిగిలినది – 10' అని వ్రాసిన ప్రోగ్రాము వాక్యము ఈ ధూళికర్మమునే చెప్పుచున్నది. కుడివైపుననున్నది చెరుపకముందు పలకపైనున్న సంఖ్య; ఎడమవైపుననున్నది చెరిపిన పిమ్మట వ్రాయవలసిన చోటు. నడుమనున్న గుర్తు సమానత్వమును చెప్పుట లేదు.

ఆ గుర్తు చరిత్రయు తెలిసికొనదగినదే. సమానత్వమునకు రెండు గీతల గుర్తును 1557లో రాబర్టు రికార్డు అను వేల్సుదేశపు గణితజ్ఞుడు వాడెను. తెలియని రాశులకును తెలిసిన రాశులకును అక్షరములను నియమించినవాడు 1591లో ఫ్రెంచి దేశపు వియేతా. నేటి అక్షరముల వాడుకను స్థిరపరచినవాడు 1637లో దెకార్తు. 1957లో వెలువడిన ఫోర్ట్రాను భాష ఆ రెండు గీతల గుర్తునే 'ఈ చోట నీ విలువను వ్రాయుము' అను అర్థమున వాడుకొన్నది. పిమ్మట వచ్చిన ఆల్గాల్ భాష దానికి ముందు రెండు చుక్కలు పెట్టి భేదము చూపినది. కాని లోకము ఫోర్ట్రాను మార్గమునే అనుసరించినది. నూజివీటి విద్యార్థి సి భాషలో గాని పైథానులో గాని వ్రాయునది ఆ గుర్తునే.

ధూళిపలక యందొక దోషమున్నది. చెరిపిన యంకె తిరిగి రాదు. లెక్క తప్పినచో ఎక్కడ తప్పినదో చూచుటకు వీలులేదు. డమాస్కసు నగరమున 952 ప్రాంతమున హిందూగణితమును గూర్చి అరబ్బీలో గ్రంథము రచించిన అల్ ఉక్లిదిసి ధూళిని విడిచి కాగితముపై కలముతో లెక్కచేయు పద్ధతులను బోధించెను. ప్రోగ్రాము నేర్చు బాలుడు తొలిదినములలో చేయు తప్పులలో ఇది యొకటి. రెండు చోట్లలోని విలువలను తారుమారు చేయుమన్న, 'అ = ఆ', వెంటనే 'ఆ = అ' అని వ్రాయును. మొదటి వాక్యముతోనే 'అ' లోని పాత విలువ చెరిగిపోయినది. రెండవ వాక్యము వచ్చునప్పటికి తిరిగి ఇచ్చుటకు అక్కడేమియు మిగులలేదు. మూడవ చోటొకటి కావలెను. పలకపై వ్రాసి చెరిపిన బాలునకు ఈ సంగతి చేతికే తెలియును.

మన దేశమున చేతికి తెలియు ఈ చదువు చాల పాతది. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీథిబడులను గూర్చి మదరాసు రెవెన్యూబోర్డునకు వ్రాసిన నివేదికలో, పిల్లలు నేలపై ఇసుకలో వ్రేలితో వ్రాయుచు అక్షరములు నేర్చెదరనియు, ఐరోపా బడులలోవలె నోటితో పలుకుటతో ఆరంభింపరనియు తెలిపెను. నేటికిని అక్షరాభ్యాసమునాడు బియ్యములో వ్రేలు పెట్టి దిద్దింతుము. ఇసుక పోయి పలక వచ్చినది. పలక పోయి తెర వచ్చినది. చెరిపి వ్రాయుట మాత్రము పోలేదు.

పిల్లలకు ప్రోగ్రాము ద్వారా చరరాశిని బోధింపవలెనను ప్రయత్నము 1967లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున మొదలైనది. వాల్లీ ఫ్యూర్‌జిగ్, సీమూర్ పాపెర్టు, సింథియా సోలమను మున్నగువారు లోగో అను భాషను నిర్మించి, ఆ యేటనే లింకన్ అను ఊరి బడిలో పిల్లలచే వాడించి చూచిరి. తెరపైనో నేలపైనో గీతలు గీయు తాబేలు దానికి తరువాత చేరినది. 'చతురము' అని తాబేలునకొక పని నేర్పి, భుజము పొడవు 50 అని వ్రాసిన బాలుడు, పెద్ద చతురము కావలసినపుడు మరల పనియంతయు వ్రాయవలసివచ్చును. 50 బదులు 'భుజము' అని పేరు వ్రాసినచో అదే పని ఏ పొడవునకైనను సరిపోవును. చరరాశి బాలునకు ఇచట నిర్వచనముగా రాలేదు, అవసరముగా వచ్చినది. పాపెర్టు 1980లో ప్రకటించిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథమున నొక్కి చెప్పిన విషయములలో ఇది ముఖ్యమైనది.

లోగోలో మరొక విశేషమున్నది. ఒక మాటకు ముందు ఉద్ధరణచిహ్న మున్నచో అది పేరు. రెండు చుక్కలున్నచో ఆ పేరు గలదాని విలువ. వ్యాకరణము చదివినవారికి ఇది కొత్త గాదు. పాణిని సూత్రములలో 'అగ్ని' యన్నపుడు ఆ మాటయే గ్రాహ్యము గాని మండు నిప్పు గాదని మనము పాఠము చెప్పుదుము. పేరు వేరు, పేరు చూపునది వేరు అను ఈ వివేకమును లోగో రెండు చిన్న గుర్తులలో పెట్టినది.

లోగోకు మాతృకయైన లిస్పు భాషను 1958లో రూపొందించినవాడు జాన్ మెకార్తీ. ఆయనకడ స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొందినవారు చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డిగారు. ప్యారిసులో 1980 తరువాతి తొలి యేండ్లలో ఏర్పడిన ప్రపంచ కంప్యూటరు కేంద్రమున రెడ్డిగారు ప్రధానశాస్త్రజ్ఞులుగా నుండగా, పాపెర్టును అందు పనిచేసెను. ఆ కేంద్రము పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశపు బడిపిల్లలకడకు లోగోను పంపినది. 1984లో ఫ్రెంచి ప్రభుత్వము రెడ్డిగారిని గౌరవించినది. 1994లో ఆయనకు ట్యూరింగు పురస్కారము లభించినది. 2008లో నెలకొల్పిన మన విశ్వవిద్యాలయమునకు తొలి చాన్సలరు ఆయనయే. లింకన్ ఊరి బడికిని నూజివీటి ప్రాంగణమునకును ఇట్లొక గురుశిష్యబంధమున్నది. పల్లెపిల్లవాని చేతికి యంత్రము నిచ్చినచో చదువు మారునను విశ్వాసము సెనెగల్ నాటికే ఉన్నదని గ్రహించినచో, నూజివీటి లాప్‌టాపుల చరిత్ర 2008తో ఆరంభము కాదని తేలును.

విశ్వాసమొకటి, ఫలమొకటి. ఇంగ్లండులో డైట్మార్ కూకెమాన్ 1976లో పదమూడు మొదలు పదునైదేండ్ల వయసుగల సుమారు 3000 మంది పిల్లలను పరీక్షించి, బీజగణితపు అక్షరమును వారు ఎట్లు చూచుచున్నారో వింగడించెను. కొందరు అక్షరమును పట్టించుకొనకయే విడుతురు. కొందరు దానిని ఒక వస్తువుగా భావింతురు. కొందరు తెలియని ఒక్క సంఖ్యగా చూతురు. నిజముగా చరరాశిగా చూచువారు మిక్కిలి తక్కువ. లండనులో సీలియా హాయిల్సు, రోజమండ్ సదర్లాండ్ 1983 నుండి 1986 వరకు లోగోతో పిల్లలకు గణితము చెప్పించి పరిశీలించిరి. లోగో వ్రాసిన పిల్లలు ఒక పేరు పెక్కు సంఖ్యలకు నిలుచునను మాటను సులభముగా అంగీకరించిరి. కాని దానిని కాగితముమీది బీజగణితమునకు తమంత తాము తెచ్చుకొనలేదు. ఉపాధ్యాయుడు నడుమ నిలిచి కలుపవలసివచ్చినది. యంత్రము ఇచ్చినంత మాత్రమున చాలదని దీనివలన తేలుచున్నది. ఉపాధ్యాయుని చేతిలో సరియైన మాట యుండవలెను.

మాట యనగా ఉపమానమును. కంప్యూటరు పాఠములలో చరరాశిని సామాన్యముగా 'పెట్టె' యని చెప్పుదురు. పెట్టెపై పేరుండును, లోపల విలువ యుండును. వినుటకు బాగుగనే యున్నది. కాని పెట్టెలో ఒక పండున్నచోట ఇంకొకటి పెట్టవచ్చును. ఒక పెట్టెలోని పండును మరొక పెట్టెలో పెట్టినచో మొదటిది ఖాళీ యగును. ప్రోగ్రాము నేర్చువారు ఈ రెండు భ్రాంతులను పొందుదురని బెనడిక్టు డు బులే 1986లోనే చూపెను. 'అ = 5' పిమ్మట 'అ = 8' అన్న, అందు రెండును ఉన్నవని కొందరు; 'ఆ = అ' అన్న, 'అ' లో ఇక ఏమియు లేదని కొందరు. నూజివీటి పిల్లవాడు ఈ భ్రాంతికి మరింత అనువైనవాడు. మామిడిపండ్ల పెట్టెలు వాడు వేసవియంతయు చూచినవే. ఆ పెట్టెలో ఒకటి కాదు, పొరలు పొరలుగా పండ్లుండును.

పలకను ఉపమానముగా గ్రహించినచో రెండు భ్రాంతులును తొలగును. పలకపై కొత్త యంకె వ్రాయవలెనన్న పాతది చెరుపవలెను. కావున ఒక చోట ఒక్క విలువయే. ఒక పలకను చూచి మరొక పలకపై వ్రాసికొనిన, మొదటి పలక చెరిగిపోదు. బాసరలో అక్షరాభ్యాసము చేసికొన్న పిల్లవానికైనను, నూజివీటిలో పలకాబలపముతో బడికి వెళ్ళిన పిల్లవానికైనను ఈ యుపమానము ఇంటిదే. మహావీరుని పండ్ల లెక్కనే ప్రోగ్రాముగా వ్రాయింపవచ్చును. 'రాశి' యని పేరు గల పలకపై 60 వ్రాయుము. రాశి = రాశి – రాశి/6. పిమ్మట 6కు మారుగా 5, తరువాత 4, 3, 2. ప్రతి మెట్టునను పలకపై నున్నదానిని బయటకు వ్రాయించిన 60, 50, 40, 30, 20, 10 అని దిగును. ఇప్పుడు భాజకమునకును ఒక పేరు పెట్టి, 6 నుండి 2 వరకు దానిని తగ్గించుచు పోవచ్చును. 6కు బదులు 7తో మొదలు పెట్టిన, ఏడుగురికిని సమభాగమే వచ్చును. 100తో మొదలు పెట్టినను అంతే. ఒక్క లెక్కయందు అవ్యక్తము, ఇష్టరాశి, చెరిపివ్రాయు చోటు మూడును వచ్చినవి. మూడును వేరని బాలునకు కంటికి కనబడును.

మామిడిసీమలో జాగ్రత్తపడవలసిన మరొక చోటున్నది. '3ర + 2బ' అనుటకు 'మూడు రసములు, రెండు బంగినపల్లులు' అని చెప్పు అలవాటు తరగతులలో కలదు. కూకెమాన్ చెప్పిన, అక్షరమును వస్తువుగా భావించుట యనునది ఇదియే. 'ర' రసము గాదు. రసమొక్కదాని ధర 'ర' కావచ్చును. బుట్టలోని రసముల సంఖ్య 'ర' కావచ్చును. అది సంఖ్యయే కావలెను. ధర యనుట మేలు. సంతలో ఉదయపు ధర మధ్యాహ్నమునకు నిలువదు. ఊరగాయకు, గుజ్జు కర్మాగారమునకు పోవు కలెక్టరుకాయ ధరయు (తోతాపురికి ఈ ప్రాంతమున ఆ పేరు) అంతే. నూజివీటి రైతుబిడ్డకు చరించు రాశి యేదని అడిగిన, ధర యనియే చెప్పును.

తెలుగు పాఠము చెప్పువారికి ఈ విచారణలో పాలెంతయని యడుగవచ్చును. పదవ తరగతి ముగించి నూజివీడు చేరు విద్యార్థి చరరాశిని గణితమున కంటె తెలుగు పాఠమున మేలుగా నేర్చియే వచ్చియున్నాడని మా నమ్మిక. తేటగీతి పాదమున ఒక సూర్యగణము, రెండింద్రగణములు, రెండు సూర్యగణములు ఉండునని వానికి తెలియును. ఇంద్రగణమన్నది ఒక గణము కాదు. నగ, సల, నల, భ, ర, త అను ఆరింటిలో ఏదియైనను ఆ చోట నిలువవచ్చును. సూర్యగణమైనచో న, హ అను రెండింటిలో నేదైనను. ఇంతకంటె స్పష్టముగా చరరాశిని, అది పొందదగిన విలువల సమితిని చూపు పాఠము గణితవాచకమున ఎక్కడ నున్నది? సంధిసూత్రములో 'అచ్చు' అన్నపుడు ఏ యొక్క అచ్చునో గాక ఏ యచ్చునైనను గ్రహింపుమని చెప్పుటయు ఇట్టిదే. దీనికి ప్రతిగా, పేరు పెట్టిన స్థిరరాశి యేదన్న, భూతసంఖ్యలున్నవి. 'శర' మన్న ఎప్పుడును అయిదే, 'వేద' మన్న నాలుగే, 'గగన' మన్న సున్నయే. అవి చరింపవు.

ఈ భూతసంఖ్యలతో తెలుగున కట్టిన లెక్కలలో ప్రసిద్ధమైనది పావులూరి మల్లనది. మహావీరుని గ్రంథమును తెలుగుపద్యములలోనికి తెచ్చిన ఈ కవి 11వ శతాబ్దివాడని కొందరును, అతని మనుమడైన మరొక మల్లనయే గ్రంథకర్త యని కొందరును వాదించిరి. ఆ వాదముతో ఇచట పని లేదు. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులలో రెట్టించుచు పోయినచో మొత్తమెంత యగునో ఆ పద్యము అంకెకొక మాటగా చెప్పుచున్నది. ఒకట్ల స్థానము నుండి మొదలుపెట్టి చదివికొనిన ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ప్రోగ్రామున దీనిని రాబట్టుటకు 'గడి = గడి × 2' అను ఒక్క వాక్యమును, 'మొత్తము = మొత్తము + గడి' అను మరొక వాక్యమును తిరిగి తిరిగి నడపిన చాలును. విశేషమేమనగా, నేటి లాప్‌టాపులలో ఒక పూర్ణసంఖ్యకు కేటాయించు 64 అంకముల చోటున ఋణచిహ్నము లేకుండ పట్టగలిగిన అత్యధికసంఖ్య సరిగా ఇదియే. దానికి ఒకటి చేర్చినచో పలక నిండి, సున్న కనబడును. మల్లన పద్యము చదివించి, ఈ సంఖ్యను రాబట్టించి, ఒకటి చేర్చి చూడుమని చెప్పిన ఉపాధ్యాయునకు ఆ దినము తరగతిని నిశ్శబ్దముగా నుంచుట కష్టము కావచ్చును.

మాటల విషయమున మా సూచన ఇది. సమీకరణములో వెదకబడు విలువకు 'అవ్యక్తము' అను పాతమాటను తిరిగి తీసికొనవలెను. 'చరరాశి'ని అగ్గిపుల్లల 'న'కు, సంతలోని ధరకు, పెక్కు విలువలను పొందదగినదానికి మాత్రము ఉంచవలెను. ప్రోగ్రాములోని 'క'కు పెద్ద సంస్కృతపదము కూర్చుట అనవసరము. 'పేరు గల పలక' యన్న బాలునకు తెలియును. కొందరు 'చలరాశి' యని వాడుచున్నారు గాని అందువలన అర్థభేద మేమియు కలుగదు. వాక్యమునందలి రెండు గీతల గుర్తును 'సమానము' అని చదివింపక 'అని వ్రాయుము' అని చదివించుట మేలు. 2007లో వచ్చిన స్క్రాచ్ అను పిల్లల భాషలో ఈ గుర్తే ఆ పనికి లేదు; 'ఇంత చేయుము' అని యొక దిమ్మెయు, 'ఇంత మార్చుము' అని యొక దిమ్మెయు వేరువేరుగా నున్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రోగ్రామును ఆరవ తరగతి నుండియే ప్రవేశపెట్టవలెనని చెప్పుచున్నది గనుక, వాచకములు తిరిగి వ్రాయునపుడే ఈ భేదమును చూపుట సులభము, పిమ్మట కష్టము.

తెలుగు, గణితోపాధ్యాయులు కలిసి చేయింపదగిన అభ్యాసమొకటి చెప్పి విరమింతుము. తేటగీతి పాదమునకు గల గణవిన్యాసములన్నిటిని ప్రోగ్రాముచే వ్రాయింపవలెను. సూర్యగణమునకు రెండు, ఇంద్రగణమునకు ఆరు విలువలు గనుక, 2 × 6 × 6 × 2 × 2 = 288 వరుసలు వచ్చును. ఆటవెలది బేసిపాదమునకును 288 వచ్చును. సరిపాదము అయిదు సూర్యగణములు గనుక 32 మాత్రమే. ఇంతవరకు అయిదు పలకలు చాలును. యతిని కూడ చేర్చుమన్నపుడు చిక్కు వచ్చును: నాల్గవ గణపు మొదటి యక్షరము పాదపు మొదటి యక్షరముతో మైత్రి గలదో లేదో చూచుటకు గణముల పేళ్ళు పనికిరావు. అపుడు పలకపై వ్రాయవలసినది అక్షరము. ఏ యక్షరమునకు ఏ యక్షరము యతి చెల్లునో తెలుపు పట్టిక యొకటి వేరుగా కావలెను. ఆ పట్టికను గణితోపాధ్యాయుడు వ్రాయజాలడు.